వియ్యంకుడు కొలిచిన వెచ్చదనం

ఇందుమూలంగా అలియాబాద్ శివార్లలోని కోళ్ల షెడ్ల యజమానులకు, తూంకుంట కొత్త కాలనీల అపార్ట్‌మెంట్లవాళ్లకు, ఆ రెండింటి మధ్య తిరుగుతూ మా షెడ్డు దగ్గర బండి ఆపి చాయ్ తాగిపోయే సమస్త బంధుమిత్రులకు తెలియజేయునది ఏమనగా: నేటి నుంచి మా దగ్గర చాయ్‌లో చక్కెర నిండుగా వేయబడును. నీలం రంగు ప్లాస్టిక్ స్టూలు మీద ఎవరైనా కూర్చోవచ్చును. పట్టపగలు బల్బు వెలుగుతూ కనిపిస్తే లేచి వెళ్లి ఆర్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు.

ఈ మూడింటికీ అభ్యంతరం చెప్పే మనిషి ఒక్కరే ఉండేవారు. మా వియ్యంకుడు. మొన్న గురువారం పొద్దున తూంకుంటలో, తన ఇంట్లో, నిద్రలోనే వెళ్లిపోయారు. ఫోన్ మా బిడ్డ చేసింది. "నాయినా, మామయ్య..." అని ఆగిపోయింది. ఎవరు ఫోన్ చేసినా ముందు ఒక వెక్కిరింత విసరడం నా అలవాటు. ఆ రోజు నోటిదాకా వచ్చింది నోట్లోనే ఉండిపోయింది.

ఆయనది గోదావరి జిల్లా. ఉద్యోగం చేసింది దూలపల్లిలో, నీళ్ల మోటార్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో. తయారైన మోటారు గేటు దాటే ముందు దానికి కరెంటు పెట్టి, అది ఎంత తాగుతోంది, ఎంత వేడెక్కుతోంది చూసి, సరే అనడమో కాదనడమో ఆయన పని. బతుకంతా ఆ పనే చేసినవాళ్లకు మనుషుల్ని చూసినా అదే చూపు ఉంటుంది. కాసేపు వింటారు, వేడెక్కుతున్నామా లేదా గమనిస్తారు.

నాది పదో తరగతి. అంటే పదో తరగతి దాకా వెళ్లాను, అది నన్ను దాటనివ్వలేదు. తర్వాత ట్రాలీ నడిపాను, ద్రాక్షతోటకు కాపలా ఉన్నాను, చివరికి నాయిన ఇచ్చిన చెలకలో కోళ్ల షెడ్డు వేశాను. వేశాను అనడం నా గొప్ప. నడిపేది మా ఆవిడ. పొద్దున లేచి దాణా పోసేది, ఊక తిరగేసేది, జబ్బు చేసిన కోడిని కంటితో పట్టేది ఆమె. నేను వచ్చిపోయేవాళ్లకు జోకులు చెబుతాను. ఇంటికి ఒకరు ఆ పని కూడా చేయాలి కదా.

మా బిడ్డ, వాళ్ల అబ్బాయి ఒకే ఆఫీసులో పనిచేస్తూ, సంబంధం తామే కుదుర్చుకుని, మా రెండు ఇళ్లకూ కబురు మాత్రం పెట్టారు. పెళ్లిలో మా పక్క ఎదురుకోళ్ల సంబరం ఉంటుంది. మగపెళ్లివాళ్లకు ఎదురు వెళ్లి, షర్బత్ ఇచ్చి, మాటలతో ఆటపట్టిస్తాం. ఈ పెద్దమనిషి చేతికి నేను ఉప్పు కలిపిన గ్లాసు అందించి, మావాళ్లందరికీ కన్నుగీటి నిలబడ్డాను. ఆయన గ్లాసు చివరిదాకా తాగారు. మూతి తుడుచుకున్నారు. "చెంచాన్నర పడినట్టుందండీ, అరచెంచాతో సరిపోయేది" అన్నారు. కోపం లేదు, నవ్వు లేదు. మోటారుకు చెప్పినట్టు చెప్పారు. నా ఆటలన్నిటిలో అంత చప్పగా తేలిపోయింది ఇంకొకటి లేదు. ఆ రోజు నుంచే ఆయనంటే నాకు కొంచెం భయం, చాలా ఇష్టం.

షెడ్డుకు మొదటిసారి వచ్చినప్పుడు కోళ్లన్నిటికీ పేర్లున్నాయని చెప్పాను. దగ్గరున్న ఒక దాన్ని చూపించి ఇది సరోజ, మా అత్త పేరు పెట్టుకున్నాం అన్నాను. మరుసటిసారి వచ్చి చెప్పులు విడవకముందే "సరోజ ఎలా ఉందండీ?" అని అడిగారు. సరోజ అప్పటికి ఏ హోటల్లో ఉడికిందో నాకేం తెలుసు. ఇంకో కోడిని చూపించాను. ఆయన వంగి, దాన్ని తేరిపార చూసి, కాస్త చిక్కినట్టుంది అన్నారు. నేను ఆయన్ని ఆడించానో, ఆయన నన్ను ఆడించారో ఇప్పటికీ చెప్పలేను.

ఒక విషయంలో మాత్రం మా ఇద్దరికీ పడేది కాదు. నా లెక్కలన్నీ జర, శానా, మస్తు. ఎండ మస్తు, దాణా జర తక్కువ, కరెంటు శానా డిమ్. ఆయన ఓపికగా వినేవారు. విని, "మస్తు అంటే ఎంతండీ బావగారూ?" అనేవారు. అడిగినప్పుడల్లా నా ఒళ్లు మండేది. మస్తు అంటే మస్తే. దాన్ని మళ్లీ కొలిచేదేంది?

కొలవాల్సిన రోజు రానే వచ్చింది.

కోళ్ల సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. కంపెనీవాళ్లు ఒక రోజు వయసు పిల్లల్ని తెచ్చి షెడ్డులో వదులుతారు. పెంచి ఇవ్వాల్సింది మేం. మొదటి రెండు వారాలు వాటికి తల్లి లేదు, రెక్క లేదు, వెచ్చదనం అంటే పైన వేలాడే బల్బులే. వెచ్చగా ఉంటే షెడ్డంతా విడివిడిగా తిరుగుతాయి. చలేస్తే ఒకే మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కిందపడ్డవి ఊపిరాడక పోతాయి. ఆ చలికాలం మొదటి బ్యాచ్‌లో సగం అట్లాగే పోయాయి. మా ఆవిడ పొద్దున్నే తట్టలో ఎత్తుకుని వెళ్లి పూడ్చి వచ్చి, రొట్టెలు చేయడానికి కూర్చునేది. రెండో బ్యాచ్ దింపుతూ కంపెనీ సూపర్వైజర్ చెప్పాడు: ఇది కూడా ఇట్లాగే పోతే ఇక మీకు పిల్లల్ని ఇవ్వం. పిల్లలు రాకపోతే షెడ్డు మూతే. మూసిన షెడ్డును మా దగ్గర ఎవరూ షెడ్డు అనరు, ప్లాటు అంటారు. ప్లాట్లు అమ్మేవాళ్లు చుట్టూ హద్దురాళ్ల కడీలు పాతి రంగులు వేసి ఎదురుచూస్తున్నారు.

చలికి మందు బల్బే కదా అని నేను బల్బులు పెంచాను. పది ఉన్నచోట పదిహేను, పదిహేను ఉన్నచోట ఇరవై. విచిత్రం ఏమిటంటే బల్బు పెంచినప్పుడల్లా మిగిలినవన్నీ ఇంకొంచెం ఎర్రబడేవి, కలక వచ్చిన కళ్లలాగా. నేను లైన్‌మన్‌ను తిట్టాను, ట్రాన్స్‌ఫార్మర్‌ను తిట్టాను, బల్బుల షాపువాణ్ణి వాడి ఏడు తరాలతో కలిపి తిట్టాను. పిల్లలు మూలకు చేరడం మానలేదు.

ఇదంతా వియ్యాలవారికి తెలియకూడదు. పిల్లనిచ్చిన ఇంటి ముందు తల తగ్గించుకోకూడదని మా నాయిన చచ్చేదాకా చెప్పిన మాట. అందుకని బిడ్డ ఫోన్ చేస్తే అంతా మస్తుగా ఉందని చెప్పేవాణ్ణి. ఆమె నా కూతురు కదా, నా మస్తు విలువ ఆమెకు తెలుసు. అత్తింట్లో ఏమి చెప్పిందో, ఎట్లా చెప్పిందో నేనెప్పుడూ అడగలేదు.

ఒక ఆదివారం పొద్దున, శామీర్‌పేట చెరువు వైపు నుంచి మంచు ఇంకా విడవకముందే, ఆయన స్కూటర్ మీద దిగారు. చెవులకు మఫ్లర్, చేతిలో సంచి. సంచిలోంచి పీతడెక్క లాంటి మూతి ఉన్న ఒక మీటరు తీశారు. తీగను కోయకుండా, ఆ డెక్కతో చుట్టూ పట్టుకుంటే లోపల ఎంత కరెంటు పోతోందో చెబుతుందట. "కొత్తది కొన్నానండీ. ఎక్కడన్నా పెట్టి చూడాలి కదా, మీ షెడ్డు గుర్తొచ్చింది" అన్నారు. దాని పిడి మీద పట్టుకుని పట్టుకుని అరిగిన నున్నదనం నాకు కనపడింది. చూడనట్టే ఊరుకున్నాను. ఆయన కూడా నేను చూసింది చూడనట్టే ఊరుకున్నారు.

ముందు షెడ్డులో బల్బుల దగ్గర వోల్టేజీ చూశారు. నూట అరవై. బల్బులన్నిటికీ కలిపి వస్తున్న తీగను డెక్కతో పట్టారు. ఏడు ఆంపియర్లు. నీలం స్టూలు మీద కూర్చుని, కాసేపు పెదాలు కదిపి, ఇక్కడ ఎన్ని వాట్ల బల్బులు పెట్టారని అడిగారు.

"నూరు వాట్లయి ఇరవై బావా. రెండు వేలు. ఇగ ఇంతకన్నా ఎవడు పెడ్తడు?" అన్నాను, మీసం మీద చెయ్యి వేసి.

"వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లండీ. నూట అరవై ఇంటూ ఏడు, పదకొండు వందల ఇరవై. మీకు వస్తున్నది అంతే."

బల్బు మీద నూరు అని అచ్చు వేసి ఉంటే తక్కువ ఎట్లా వస్తుందని నేను గొడవపడ్డాను. ఆయన తన జన్మలో ఒకేఒక్కసారి జోకు వేశారు. అది నేను విన్నాను.

"బల్బు మీద రాసింది పెళ్లిచూపుల్లో చెప్పే జీతం లాంటిది బావగారూ. నిండా రెండు వందల ముప్పై వోల్టులు ఇస్తే వచ్చేది అది. మనం ఇస్తున్నదెంతో, అది ఇంటికి తెస్తున్నదెంతో చూసుకోవాలి." అని, వెంటనే ముఖం మార్చుకుని, "మావాడి జీతం మాత్రం సరిగ్గానే చెప్పామండీ" అన్నారు. నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. ఆమె మూలన గుట్టగా చేరిన పిల్లల్ని చేతులతో విడదీస్తోంది.

తర్వాత రోడ్డు మీది స్తంభం దాకా నడిచి, మా కరెంటు మీటరు దగ్గర వోల్టేజీ చూశారు. అక్కడ రెండు వందల ఇరవై ఉంది. అంటే లైన్‌మన్‌కు, ట్రాన్స్‌ఫార్మర్‌కు, షాపువాడి ఏడు తరాలకు నేను క్షమాపణ బాకీ పడ్డాను. స్తంభం దగ్గర రెండు వందల ఇరవై ఉన్నది షెడ్డుకు వచ్చేసరికి నూట అరవై ఎందుకయింది? మధ్యలో ఉన్నది ఒక్కటే, కంచె వెంట మూడు తావుల మెలేసి టేపు చుట్టి నేను లాగిన వైరు. టెంట్ హౌస్ దోస్తు దగ్గర మిగిలిన సన్న వైరు. తీగ తీగే కదా, కరెంటు పోతే చాలనుకున్నాను.

ఆయన ఆ వైరును గోరుతో తట్టారు. దారిలో అరవై వోల్టులు పోయాయి, తీగలో నడుస్తున్నది ఏడు ఆంపియర్లు. అరవైని ఏడుతో భాగిస్తే ఎనిమిదిన్నర ఓములు. కరెంటుకు ఈ సన్న వైరు పెడుతున్న అడ్డం అది అన్నారు. అరవైని ఏడుతో గుణిస్తే నాలుగు వందల ఇరవై వాట్లు. అంత వేడి దారిలోనే పోతోంది. బల్బు పెంచినకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది, ఎక్కువ లాగినకొద్దీ వైరు ఎక్కువ తింటుంది, చివరికి మిగిలిన కాస్తను ఇరవై బల్బులూ పంచుకోవాలి. బల్బులు ఎర్రబడడానికి కారణం నేను పెట్టిన బల్బులే.

"నాలుగు బల్బులు కంచెకు కట్టి వెలిగిస్తున్నట్టండీ. కంచెకేమో చలి లేదు" అన్నారు.

నాకు రోషం వచ్చింది. నా షెడ్డులో, నా ఆవిడ ముందర, అల్లుడి తండ్రి నాకు పాఠం చెప్పడమా? పక్కవాడి షెడ్డులో పరిస్థితి ఇంకా అధ్వానమని, మాకేం ఇబ్బంది లేదని, పిల్లలు కొంచెం సోమరివని, అందుకే ఒకచోట పడుకుంటాయని ఏదో వాగబోయాను. మా ఆవిడ లేచింది. చేతుల ఊక దులుపుకుని, ఆయన ముందు వచ్చి నిలబడింది.

"అన్నా, ఈయన మాట ఇనకు. పోయిన బ్యాచ్ల సగం పిల్లలు సచ్చిపోయినయ్. గీసారి గిట్లనే అయితే కంపెనోళ్లు ఇగ పిల్లలియ్యరు. షెడ్డు పోతది. నాకు గీ పని తప్ప వేరే పని రాదు."

పెళ్లయి ఇన్నేళ్లలో ఆమె అంత పొడుగ్గా మాట్లాడటం నేను విన్నది తక్కువ. ఆయన ఆమె వైపు చూడలేదు. చూస్తే ఆమెకు ఇబ్బంది అనుకున్నారేమో. మఫ్లర్ విప్పి స్కూటర్ మీద వేసి, "మందం వైరు మేడ్చల్‌లో దొరుకుతుందాండీ, ఆదివారం షాపు తీసి ఉంటుందా?" అని నన్ను అడిగారు. పాపం, అయ్యో, ఇన్నాళ్లు చెప్పలేదేం అనే మాటల్లో ఒక్కటీ అనలేదు. మా పరువు, మా ఆవిడ కన్నీళ్లు ఆయన కొలతల్లోకి రాలేదు. వైరు పొడవు మాత్రం వచ్చింది.

మేడ్చల్ పోయి తెచ్చాం. ఒక్క అతుకు లేకుండా పాతది పీకి కొత్తది లాగాం. ఆయన ప్యాంటు మడిచి కంచె వెంట నాతో సమానంగా నడిచారు. ముళ్లు గీసుకుంటే మా ఆవిడకు, ఆయన మాటలో చెల్లెమ్మకు, చెప్పొద్దన్నారు. నేను చెప్పకుండా ఉంటానా, మరింత పెంచి చెప్పాను. పని అయ్యాక షెడ్డులో మీటరు పెడితే రెండు వందల మూడు చూపించింది. బల్బులు తెల్లబడ్డాయి. ఆయన వాటిని చూడలేదు. స్టూలు మీద కూర్చుని చెవి పెట్టి వింటున్నారు. చలిలో ఉన్న పిల్లలు గుచ్చినట్టు అరుస్తాయి. ఆ అరుపు నెమ్మదిగా తగ్గి, ఉడుకుతున్న అన్నం చప్పుడంత అయింది. మా ఆవిడ చీర కొంగుతో ముఖం తుడుచుకుని, అన్నయ్యకు చాయ్ పెడతానని వెళ్లింది. చక్కెర ఒక్క చెంచానే వేసింది. అప్పటి నుంచి మా దగ్గర అందరికీ అదే చాయ్. వేరుగా పెట్టే ఓపిక ఎవరికుంది?

ఆ బ్యాచ్ నిలబడింది. షెడ్డు నిలబడింది.

నేనూ లెక్క నేర్చుకున్నాను. భాగిస్తే అడ్డం, గుణిస్తే బలం. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే ఎంత అడ్డం పడుతోందో తెలుస్తుంది, గుణిస్తే ఎంత పని జరుగుతోందో తెలుస్తుంది. బడిలో సార్లు బెత్తంతో ఎక్కించలేనిది ఆయన చాయ్ తాగుతూ ఎక్కించారు. తర్వాత నేను ఆగలేదు. చుట్టుపక్కల షెడ్లన్నీ తిరిగి అందరికీ ఓములు చెప్పాను. మీటరు అరువు ఇమ్మంటే ఇచ్చారు కానీ, మీరు కొలవండి, తిట్టడం మాత్రం కొలిచాక మొదలుపెట్టండి అన్నారు. ఆయన నాకు చెప్పిన నీతి అంటూ ఉంటే అది ఒక్కటే. అది కూడా నీతిలాగా చెప్పలేదు.

నెలకోసారైనా వచ్చేవారు. ఏదో ఒకటి కొలిచేవారు. కొలవడానికి ఏమీ లేకపోతే ఊరికే కూర్చునేవారు. ఉద్యోగం మానేశాక కాలనీలో అందరూ ఆయన్ని అంకుల్ అంటారట, ఎవరూ ఏమీ అడగరట. ఒకసారి మా ఆవిడతో అన్నారట ఆ మాట. నాతో అనలేదు. అంటే నేను ఏదో ఒక వెటకారం ఆడేవాణ్ణని తెలుసు.

ఈ ఏడు ఎండాకాలం నుంచి ఆయన రాక తగ్గింది. గుండె బలహీనపడిందన్నారు డాక్టర్లు. మెట్లు వద్దు, స్కూటర్ వద్దు. ఇక్కడ నా ఓపికా తగ్గింది. మోకాళ్లు నావి, బస్తాలు దాణావి. ప్లాట్లవాళ్లు ఈసారి మర్యాదగా వచ్చి, స్వీట్ డబ్బా పెట్టి మరీ అడిగారు. అమ్మేద్దామని ఇంట్లో అన్నాను. మా ఆవిడ వద్దనలేదు. పాత బ్యాచ్ ఎత్తేశాక షెడ్డు కడగలేదు, అంతే. ఖాళీ షెడ్డు తలుపు వేసి, ఇంట్లో కూర్చుని, టీవీ వైపు చూస్తూ ఉండేది. టీవీ ఆన్ చేసేది కాదు. ఆ కూర్చోవడం చూడలేక నేనే బయట తిరిగేవాణ్ణి.

పోయిన వారానికి ముందు వారం తూంకుంట వెళ్లాను. ఆయన మంచం మీద ఉన్నారు, మనిషి సగమయ్యారు. వియ్యపురాలు నన్ను కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్లింది. నేను షెడ్డు సంగతి, ప్లాట్ల సంగతి అన్నీ చెప్పాను. ఆయన కళ్లు తెరిచి, నా చెయ్యి పట్టుకుని, "చెల్లెమ్మకు ఓపిక ఉన్నన్నాళ్లు షెడ్డు ఉండనివ్వండి బావగారూ. ప్లాట్లకు వెచ్చదనం అక్కర్లేదు" అన్నారు.

ఇంటికి వచ్చాక మా ఆవిడ అడిగింది, అన్న ఏమన్నాడని. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె కాసేపు నా ముఖం చూసింది. లేచి కొంగు దోపుకుని, షెడ్డు తలుపు తీసి, చీపురు అందుకుంది. మరునాడు సున్నం కొట్టింది. కంపెనీకి తనే ఫోన్ చేసింది. ప్లాట్లవాళ్ల స్వీట్ డబ్బా కోళ్లకు వేద్దామంటే కోళ్లు లేవు, నేనే తిన్నాను. నిన్న సాయంత్రం కొత్త పిల్లలు దిగాయి. తూంకుంటకు పరామర్శకు వచ్చినవాళ్లు కూడా ఇప్పుడు ఆ మాటే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు, చూశావా, పోయేముందు కూడా ఎంత మాటన్నారో అని.

మా ఆవిడ కళ్లజోడు ఇప్పుడు నా జేబులో ఉంది కాబట్టి, ఇది ఆమె ఇవాళే చదవలేదు కాబట్టి, మీకు చెబుతున్నాను. ఆ మాట ఆయన అనలేదు. అది పూర్తిగా నా కల్పన. శామీర్‌పేట దగ్గర బండి పక్కకు ఆపి, చాలాసేపు నిలబడి కట్టిన మాట. అమ్ముదామన్న నా నోటితో వద్దని నేనే చెప్పలేక, ఆయన నోట్లో పెట్టాను. ఆయన అయితే ప్లాట్లకు వెచ్చదనం లాంటి మాటలు చచ్చినా అనరు. ఎంత వెచ్చదనం అని అడుగుతారు.

ఆ రోజు ఆయన అన్నది ఒకే ఒక మాట. నేను షెడ్డు గురించి చెప్పడం అయిపోయాక చాలాసేపటికి, "ఫ్యాను ఒకటి తగ్గించండి బావగారూ" అన్నారు. లేచి రెగ్యులేటర్ తిప్పి వచ్చి కూర్చున్నాను. పైన రెక్కలు వేగం తగ్గుతూ, తగ్గుతూ, కలిసిపోయి ఉన్నవి విడివడి, ఒకటి, ఇంకొకటి, మూడోది అని వేరువేరుగా కనపడేదాకా ఆయన రెప్ప వేయకుండా వాటినే చూస్తూ ఉన్నారు.